గుర్తు దాటిన చీర

మోత్కూర్, ఆదివారం రాత్రి

నా కూతురు లావణ్యకు పుట్టిన పసిదానికి మెదడు సరిగా ఏర్పడలేదు. ఊపిరంతా మిషనుదే. ఆ మిషను ఉంచాలో, తీసేయాలో రేపు చెప్పమన్నాడు డాక్టరు.

"పసిదానికి నొప్పి తెలుస్తదా సారూ?" అని అడిగాను.

"చెప్పలేనమ్మా."

"అమ్మా, నాతోని ఐతలేదు. నువ్వే చెప్పు," అంది లావణ్య.

దవాఖాన నుంచి వచ్చేసరికి మా ఆయన మగ్గంలో కూర్చుని కాళ్లతో తొక్కుతూ నేస్తున్నారు. టక్, టక్. అచ్చం ఆ మిషను చప్పుడే. చీర ముగిసే గుర్తు దాటిపోయింది. కొంగు వేయడం మరిచి వట్టి బట్ట నేస్తూనే ఉన్నారు.

"ఇగ ఆపుండ్రి. తిందురు రాండ్రి."

"ఆపమనకే. పసిదాని ఊపిరి నా కాళ్లల్లనే ఉన్నట్టున్నది."

అన్నం చల్లారింది. ఇది రాస్తుంటే కూడా ఆ చప్పుడు వినిపిస్తోంది. అది కాస్త నెమ్మదిస్తే చాలు, నా ఊపిరి ఆగుతోంది. ఆయనతోనే రెండోసారి అనలేకపోయిన 'ఆపుండ్రి' అనే మాట, రేపు దవాఖానలో ఎలా అనను?