మేకు వంగుతుంది, స్క్రూ విరుగుతుంది

జూన్ 3, మంగళవారం

మా ఆయనకు తుంటి ఎముకలో ప్లేటు వేసి డిశ్చార్జి చేశారు. ఇంటికి కాదు, కొడుకు ఫ్లాటుకి. అక్కడ లిఫ్టుందట. మా గుమ్మానికి మెట్లున్నాయి కాబట్టి వీల్‌చైర్ ఎక్కదట. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఎక్కి దిగిన మెట్లు, రాత్రికి రాత్రే కొండలైపోయాయి.

ర్యాంపు కట్టిస్తానన్నాను. చెక్కతో. సిమెంటు ఆరేదాకా ఆగే ఓపిక నాకు లేదు. కొడుకు ఆదివారం దాకా గడువిచ్చాడు. ర్యాంపు గట్టిగా నిలబడితే నాన్న వస్తారట, కాస్త కిర్రుమన్నా మకాం ఆ ఫ్లాటులోనేనట. కోడలు నవ్వు దాచుకోలేదు. మంచి పిల్ల, దాచుకోవడం చేతకాదు.

జూన్ 4, బుధవారం

వడ్రంగి వచ్చాడు. ఇతని పెన్సిలు ఎప్పుడూ చెవి మీదే ఉంటుంది, కాగితం మీదికి దిగగా నేను చూడలేదు. కొలతలన్నీ కంటితోనే. అందుకే పెన్సిలని పేరు పెట్టాను.

అంతా మేకులతోనే లాగించేస్తానన్నాడు. స్క్రూలు అల్మారాలకండీ అమ్మగారూ, బరువుకి మేకే మొగుడు అన్నాడు. ఏళ్ళ తరబడి ఫిజిక్స్ చెప్పినదాన్ని, ఊరుకుంటానా? స్క్రూ మర గురించి గంటసేపు క్లాసు పీకాను. నా ఇల్లు, నా మొగుడు, నా స్క్రూలు అన్నాను. సరేనన్నాడు. వాదనకి కాదు, నా గొంతుకి.

జూన్ 5, గురువారం

కొడుకు స్క్రూలు పంపాడు. ఆఫీసులో సీలింగ్ షీట్లు బిగించగా మిగిలాయట. నల్లగా, సన్నగా, ముచ్చటగా ఉన్నాయి.

జూన్ 6, శుక్రవారం, సాయంత్రం

ర్యాంపు కూలింది.

బరువు ఆగుతుందో లేదోనని ఇసుక బస్తాలు ఎక్కించి చూస్తున్నాం. పక్క చెక్కల్ని ర్యాంపు కాళ్ళకు బిగించిన చోట స్క్రూల తలలు టపటపా ఎగిరిపోయాయి. బస్తాల బదులు ఆయన ఉంటే, అని ఒక్క క్షణం అనుకుని వెంటనే మానేశాను. మా పెన్సిలు తన చెవి మీది పెన్సిలు సర్దుకున్నాడు. దెప్పడానికి అది చాలదూ!

ఎవరు మోశారో, కొడుక్కి కబురు చేరింది. ఇంక ఆ సరదా కట్టిపెట్టమ్మా అని ఫోను. ఇవాళ ఇంకా శుక్రవారమేరా నాయనా అని పెట్టేశాను.

జూన్ 7, శనివారం, ఉదయం 6 గం.

లేవగానే పెన్సిలు బల్లకున్న వైసు ఇనుప దవడల మధ్య ఒక మేకు, ఒక నల్ల స్క్రూ బిగించి పక్కనుంచి సుత్తితో కొట్టాను. మేకు వంగింది. ఎంత బాదినా వంగిందే కానీ తెగలేదు. స్క్రూ మొదటి దెబ్బకే విరిగింది. తర్వాత మరో మేకునీ, మరో స్క్రూనీ చెక్కలోకి దించి పైకి లాగాను. మేకు బుద్ధిగా ఊడొచ్చింది. స్క్రూ కదిలితే ఒట్టు.

అదీ సంగతి. పక్కకు నొక్కే బరువు మేకుది, పైకి లాగే బరువు స్క్రూది. ఇద్దరం చెరో సగం తప్పు. నా సగం కొంచెం పెద్దది, కూలింది కదా.

రాత్రి 8 గం.

పొద్దున పెన్సిలు రాగానే, కాళ్ళకు మేకులు, పైన పలకలకు స్క్రూలు అన్నాను. పలకలకూ మేకులేనని మళ్ళీ మొదలు. చెయ్యి పట్టుకుని పక్కింటి చెక్క అరుగు దగ్గరికి లాక్కెళ్ళాను. దాని పలకలు ఇతను కొట్టినవే. తొక్కీ తొక్కీ మేకు తలలన్నీ పైకి లేచి పళ్ళికిలిస్తున్నాయి. ఎవడో తొందరపడి కొట్టాడన్నాడు. వాడి చెవి మీద పెన్సిలుండేదా అని అడిగాను. పగలబడి నవ్వాడు. మధ్యాహ్నానికి లావుపాటి స్క్రూలు తనే తెచ్చి, చీకటి పడేలోగా బిగించాడు.

జూన్ 8, ఆదివారం

కొడుకు ర్యాంపెక్కి గెంతాడు. వెధవ, బాగానే ఒళ్ళు చేశాడు. కోడలు గెంతలేదు, వంగి చెవి పెట్టింది. చప్పుడే లేదత్తయ్యా అంది. మొదటిసారి మొగుణ్ణి కాకుండా నన్ను చూసి అంది.

కుర్చీ నేనే తోస్తానన్నాను. నువ్వా అన్నాడు కొడుకు. నేనే అన్నాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. గుమ్మం దాటాక తెరిచి, ఫ్యాను ఎందుకు ఆపేశారని కసిరారు. ఇంటికొచ్చినట్టే.

జూన్ 9, సోమవారం

పొద్దున్నే కిందికి దింపమన్నారు. లోపలికి రావడం అయిందిట, బయటికి పోవడం చూడాలిట. వీధి మలుపు దగ్గర ఆపబోతే ఇంకొంచెం అన్నారు. ఇల్లు కనబడనంత దూరం వచ్చాం. ఇంటికి తాళం వేయలేదని అప్పుడు గుర్తొచ్చింది, అయినా కుర్చీ వెనక్కి తిప్పలేదు.