పెద్ద గుడి కప్పుకి ఇచ్చిన మాట

ఫిబ్రవరి, 1999

అమ్మకి,

నీ కొడుకు ఫల్గుణ దండాలు. నేనిక్కడ బాగున్నాను, కొండ మీద మీరంతా బాగున్నారనే నా నమ్మకం. చెల్లీ సోనీ, అమ్మకి నిదానంగా చదివి వినిపించు.

తింటున్నావా అని అడిగేవు. తింటున్నాను. ఫాదర్లతో గొడవ పడుతున్నావా అని కూడా అడిగేవు. పడుతున్నాను. పడకపోతే ఈపాటికి బిషప్పుగారి పెద్ద గుడికి కప్పు ఊడబీకి సిమెంటు స్లాబు వేసీవోళ్ళు.

ఈ గుడి నువ్వు చూడాలమ్మా. నూరేళ్ళు దాటింది. గోడ ఎంత మందమంటే కిటికీ అరుగు మీద మనిషి అడ్డంగా పడుకోవచ్చు. సున్నంలో బెల్లం, కరక్కాయ కలిపి నూరేరంట. కిటికీలు పైన మొనదేలి, రెండు విల్లులు ఎదురెదురుగా ఆనించినట్టుంటాయి. ఓడెక్కి వచ్చిన తెల్ల గురువులు కట్టించేరని గుమ్మం పక్క రాయి మీద చెక్కేరు. దూలాలు మోసిందెవరో చెక్కలేదు. మన కొండోళ్ళని కొట్టి మోయించేరని ఇక్కడ ఎవరో పంచిన కరపత్రంలో చదివేను.

ఆ కోపంతోనే పెంకులు దించే పనికి చేరి కప్పెక్కేను. చూస్తే, దూలాలు కలిపిన చోట ఇనప మేకు ఒక్కటి లేదు! అన్నీ కర్ర శీలలే, మన ఇంటికి అయ్య కొట్టినట్టే. మోయడమే కాదమ్మా, కప్పు కట్టింది కూడా మనవాళ్ళే. ఒక మూల దూలాలు వానకి పుచ్చిపోయేయి, మిగతాదంతా ఇనుములా ఉంది.

గుడి కమిటీ మీటింగులో లేచి అడిగేను. "ఒక మూల పుచ్చితే కప్పంతా తీసేస్తారేటి? మా అయ్య సుక్రు వచ్చి బాగుచేస్తాడు. ఈస్టరు మర్నాడు మొదలెడితే వానలకి ముందే అయిపోద్ది."

సోనీ, ఇక్కడ్నుంచి అయ్య ఇంట్లో లేనప్పుడు చదువు.

కమిటీ పెద్ద వరహాలరావు గారు నవ్వేరు. "ఒరే గుంటడా, అప్పుడు మీ ఇటుకల పండగ కాదేట్రా? మీవోళ్ళు విల్లంబులట్టుకుని వేటకి పోతారు. ఇక్కడ కప్పు విప్పీసి పోతే తడిసేది మీరా, దేవుడా?"

అందరూ నవ్వేరు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఈ ఏడు మావోళ్ళు పండగ మానేస్తారు!" అనీసేను.

అన్నానమ్మా. ఆ పండగ రోజుల్లో అయ్య ఎవరి పనికీ గొడ్డలి ముట్టడని తెలిసే అన్నాను. నవ్వినోళ్ళ మీద కోపంతో మన పండగనే వాళ్ళకి ఇచ్చీసేను.

మర్నాడు పూజ అయ్యాక అందరి ముందూ లేచేను. "నిన్న తప్పు మాట్లాడేను. పండగయ్యాకే మావోళ్ళు వస్తారు, కప్పు అప్పుడే విప్పుదాం."

ఈసారి వరహాలరావు గారు నవ్వలేదు. "ఈ మాటైనా మీ అయ్యనడిగి ఇచ్చేవా?"

లేదన్నాను.

"అయితే ఆయన్నే రమ్మను. పండగలోపు కప్పు చూసి ఔనంటే పని ఆయనదే. రాకపోతే స్లాబే."

అమ్మా, అయ్య చోడి అంబలి తాగి నిమ్మళంగా కూర్చున్నప్పుడు ఇదంతా చెప్పి, పండగలోపు ఒకసారి ఇక్కడికి రమ్మను. నేను ఇచ్చీసిన పండగ సంగతి కూడా దాచకు. తిడితే తిట్టనీ. ఆ శీలలు ఒక్కసారి చూస్తే ఆయన కాదనడని నాకు గట్టి నమ్మకం. కానీ ఆ ముక్క ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. ఔనన్నా కాదన్నా ఆయన నోటి మాటే కమిటీకి చెప్తాను. నాది ఒక్క ముక్కా కలపను.

ఇట్లు,
నోటిదురుసు తగ్గించుకుంటున్న
నీ పెద్ద గుంటడు,
ఫల్గుణ