విడుపు నంబరు మూడు

12 జూన్ 2025, గురువారం
వన్ టౌన్, విజయవాడ

అమ్మా,

మైలవరంలో హెలెన్ పెద్దమ్మ ఇంట్లో ఉన్న నీకు స్టెల్లా బోలెడు వందనాలు.

ఇవాళ్టి మొదటి వింత ముందే చెప్పేస్తాను. పొద్దున్నే పాలు కాస్తుంటే ముందుగదిలోంచి పాము బుసకొట్టినట్టు శబ్దం వచ్చింది. పరిగెత్తుకెళ్ళి చూద్దును కదా, నాన్న మంచం మీద బాసింపట్టు వేసుకుని, ఊపిరి మెషీన్ గొట్టంలోకి తన క్లారినెట్ మూతి దూర్చి, గాలి పోకుండా రెండు చేతులతో అదిమి పట్టుకుని కూర్చున్నాడు. మెషీన్ ఊదుతోంది. క్లారినెట్ మాత్రం సుస్సుమంటోందే తప్ప పలకడం లేదు. నన్ను చూసి నాన్న మొహం వెలిగిపోయింది.

"చూశావా స్టెల్లమ్మా, ఒక్క స్వరం పలికించలేకపోయింది! ముప్పై ఏళ్ళుగా ఊరేగింపుల్లో ఊదుతున్నవాణ్ణి. ఇదా నాకు ఊపిరి పోసేది?"

పడీపడీ నవ్వాను. నవ్వాక దిగులేసింది. ఆ మెషీన్ ఉంచుకుంటామో తిరిగి ఇచ్చేస్తామో సోమవారం షాపులో చెప్పాలి. నాన్న అలాంటి మెషీన్ తెచ్చుకుని దాంతో నిద్రపోయేదాకా ఇంటికి రానని చెప్పి వెళ్ళావు నువ్వు. వెళ్ళి ఇరవై మూడు రోజులైంది. ఫోను చేస్తే "తిన్నారా, సరేలే" అని పెట్టేస్తున్నావు. ఉత్తరంలో అయితే నాకు అడ్డు రాలేవు. పక్కింటి కృప టీచరుగారు రోజూ మైలవరం బడికి వెళ్తారు కాబట్టి మధ్యాహ్నానికి ఇది నీ చేతిలో ఉంటుంది.

అసలు నాన్న మెషీన్‌కి ఎలా ఒప్పుకున్నాడో నీకు తెలీదు కదా. నిద్రలో ఊపిరి ఆగిపోతోంది, మెషీన్ తప్పదని డాక్టరుగారు చెప్పినా వినని మనిషి, మంగళగిరిలో ఒక పెళ్ళి ఊరేగింపులో దారిలో ఆగినప్పుడు నిలబడే కునుకు తీశాడట. పెళ్ళికొడుకు కారు, డ్రమ్ములు, జనం అంతా వీధి మలుపు తిరిగి వెళ్ళిపోయారు. కళ్ళు తెరిచేసరికి రోడ్డు మధ్యలో క్లారినెట్‌తో తనొక్కడే. మర్నాడు తనే "పదవే, ఆ షాపుకి" అన్నాడు.

సూర్యారావుపేట షాపులో తబస్సుం అక్క అని ఒకామె ఓపికగా రెండు మెషీన్లు చూపించింది. మొదటిది గాలిని ఎప్పుడూ ఒకే బిగువున పంపుతుంది. అది పెట్టగానే నాన్న కళ్ళు తేలేసి, "వదిలే ఊపిరి వెనక్కి వస్తోందండీ, ఎదురుగాలిలో సైకిల్ తొక్కినట్టుంది" అన్నాడు. రెండోది, మనం ఊపిరి వదిలే క్షణంలో కాస్త తగ్గి దారి ఇస్తుంది. పీల్చేటప్పటికి మళ్ళీ బిగుస్తుంది. "డాక్టరుగారు పెట్టిన బిగువు మీరు ముట్టుకోకండి అంకుల్. ఈ సున్నా నుంచి మూడు దాకా ఉన్న నంబరొక్కటే మీ చేతిలో ఉంటుంది. మీకు ఏది హాయిగా ఉంటే అది పెట్టుకోండి" అంది. ఆ రెండోదే తెచ్చుకున్నాం, వారం రోజులు వాడి చూడడానికి.

అట్టపెట్టె మీద దాని గుణం ఇంగ్లీషులో రాసుంది. నా మాటల నోటుబుక్కు నీకు తెలుసుగా, నిఘంటువు ముందేసుకుని దానికి "నిశ్వాస పీడన ఉపశమనం" అని రాసి నాన్నకి గర్వంగా చదివి వినిపించాను. "సమాధి దగ్గర ఫాదరుగారు చదివేదానిలా ఉందే" అన్నాడు. ఆ రాత్రి నుంచీ పెట్టుకోవడం, పది నిమిషాలకి లాగి పడేయడం. నిన్న మాస్కు విసురుగా తీసి, "దీనికి పట్టే గానీ విడుపు లేదమ్మాయ్!" అన్నాడు. విడుపు! నేను నిఘంటువంతా వెతికిన మాట నాన్న నోట్లోనే ఉంది. కొట్టేసి అదే రాసుకున్నాను. కానీ ఒక సందేహం మిగిలింది. విడుపు ఉన్న మెషీనే కదా ఏరి తెచ్చుకున్నాం, మరి విడుపు ఏమైంది?

అమ్మా, ఇంత చుట్టూ తిరిగింది ఒక్క మాట చెప్పడానికి. నాన్న గురక, మధ్యలో ఊపిరి ఆగడం, ఉలిక్కిపడి పీల్చుకోవడం, ఆ రికార్డింగు బ్యాండు వాళ్ళ గ్రూపులో పెట్టింది నేను. బ్యాండు మాస్టరు యేసుకుమార్ బాబాయి చెబితే నాన్న వింటాడని ఆయనొక్కడికే పంపాలనుకున్నాను. నీ ఫోనులో తొందరపడి, ఆయన ఫొటో ఉన్న గ్రూపుని ఆయనే అనుకున్నాను. సాయంత్రానికి ఎవరో దానికి డప్పు కూడా కలిపారు. నాన్న అందరి ముందూ నిన్ను, "నా ఊపిరి లెక్కపెట్టమని నిన్నెవరడిగారు?" అన్నప్పుడు నేను తలుపు వెనకే ఉన్నాను. నువ్వు "నేను కాదు" అనలేదు. నేను "నేనే" అనలేదు. నీ పక్కన పడుకున్నప్పుడల్లా చెప్పాలనుకుని, మాటలంటే ఇంత ఇష్టమని చెప్పుకునే నేను ఆ ఒక్క మాట చెప్పలేకపోయాను. రేపు నాన్నకీ చెప్పేస్తాను.

నీ
స్టెల్లా


14 జూన్, శనివారం పొద్దున్న

అమ్మా, అమ్మా, అమ్మా,

మూడుసార్లు పిలిచాను. మూడు ఎందుకో చివరికి తెలుస్తుంది.

నిన్న భోజనాల దగ్గర నాన్నకి చెప్పేశాను. ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయింది. తిడతాడనుకున్నాను. లేచి చెయ్యి కడుక్కుని, క్లారినెట్ తీసి, వాయించకుండా చాలాసేపు తుడుస్తూ కూర్చున్నాడు. చివరికి, "అయితే మీ అమ్మని, తెరేసమ్మని, నేను ఊరికే అన్నానన్నమాట" అన్నాడు. "నువ్వు చేసింది తప్పే. నేనన్నది నీ తప్పు కన్నా పెద్దది."

నేను మెషీన్ గొట్టం సర్దడానికి వెళ్ళాను. అప్పుడు కనబడింది, విడుపు నంబరు ఒకటి అని ఉంది.

"నాన్నా, ఇది ఒకటి మీద ఎందుకుంది?"

"నేనే తగ్గించాను. షాపావిడ మూడు మీద పెట్టి ఇచ్చింది. ఈ వయసులో మూడు శ్రుతి ఎక్కడ తట్టుకుంటానే? ఒకటి శ్రుతిలో అయితే ఎవరైనా హాయిగా పాడొచ్చు."

అమ్మా, అర్థమైందా? మన కోయిర్‌లో హార్మోనియం మీద శ్రుతి పెంచుకుంటూ పోతే గొంతు చించుకోవాల్సి వస్తుంది కదా, మెషీన్ నంబరు కూడా అలాంటిదే అనుకున్నాడు! తబస్సుం అక్కకి ఫోను చేసి స్పీకర్లో పెట్టాను. ఆమె పకపకా నవ్వేసింది.

"అయ్యో అంకుల్, తిరగేసి పట్టుకున్నారు! అది బలం నంబరు కాదండీ. ఎంత పెంచితే మీరు వదిలేటప్పుడు అది అంత తగ్గుతుంది."

"పెంచితే తగ్గుతుందా? ఇదెక్కడి శ్రుతండీ బాబూ!" అన్నాడు నాన్న.

వెంటనే మూడు మీద పెట్టి పడుకున్నాడు. ఊపిరి వదిలి చూశాడు. మళ్ళీ వదిలాడు. మాస్కు లోపలి నుంచే బొటనవేలు పైకెత్తి చూపించాడు. మధ్యాహ్నం రెండింటికి కళ్ళు మూసినవాడు ఐదింటికి లేచాడు. నేను పక్కన కుర్చీ వేసుకుని, నువ్వు రోజూ లెక్కపెట్టినట్టే ఊపిర్లు లెక్కపెట్టాను. ఎక్కడా ఆగలేదు. రెండు వందల దాకా లెక్కపెట్టి విసుగొచ్చి మానేశాను. విసుగు ఇంత బాగుంటుందని నాకు తెలీదమ్మా.

రాత్రి కూడా అలాగే పడుకున్నాడు. పొద్దున్న లేచి అద్దంలో చూసుకుని, "ఎవరీ కుర్రాడు?" అన్నాడు. తరవాత నా వెనక చేరి, "రాస్తున్నావుగా, ఇది కూడా రాయి. నా ఊపిరి లెక్కపెట్టే ఉద్యోగం మళ్ళీ ఆవిడకే ఇస్తున్నానని, కాకపోతే ఇక మీదట పని ఏమీ ఉండదని" అన్నాడు. రాస్తుంటే, "ముందు క్షమించమని రాయవే" అని గొణిగాడు. అది పైన రాయాల్సింది, కింద పడింది. నువ్వే సర్దుకుని చదువుకో.

సోమవారం వెళ్ళి ఇదే ఉంచుకుంటామని చెబుతాం. నువ్వు నన్ను క్షమించావో లేదో కృప టీచరుగారికి చెప్పి పంపినా చాలు.

నీ
స్టెల్లా


శనివారం, మైలవరం

స్టెల్లా,

కృప బస్సుకి వెళ్ళిపోతానంటోంది, గబగబా రాస్తున్నాను. నీలాగా నాకు మాటలు రావు.

గ్రూపులో పెట్టింది నువ్వేనని ఆ సాయంత్రమే తెలుసు. ఫోను నా చేతిలో పెట్టేటప్పుడు నీ చెయ్యి చల్లగా ఉంది. నేను చెబితే మీ నాన్న కోపం నీ మీదికి మళ్ళుతుంది, అంతే కదా. నీ అంతట నువ్వు చెబితే బాగుంటుందని ఆగాను. మీ నాన్న నిద్ర కోసం ఎంత ఎదురుచూశానో, నీ మాట కోసమూ అంతే చూశాను. గురువారం నీ ఉత్తరం చదివి, పెద్దమ్మ అడిగినా చూపించకుండా దిండు కింద పెట్టుకున్నాను. నాన్నకి కూడా చెప్పావో లేదో తెలిసేదాకా కదలకూడదనుకున్నాను. ఇవాళ తెలిసింది.

ఆయన క్షమించమన్నది కింద పడితేనేం, నేను దాన్నే ముందు చదివాను. పెద్దమ్మ మీ మెషీన్ సంగతి విని, అలాంటి నంబరు మీ పెదనాన్నకి కూడా ఉంటే బాగుండునంటోంది.

రేపు ఆదివారం. తెల్లారగానే మొదటి బస్సు ఎక్కుతాను. ఇంటికి రాను, పూజకి తిన్నగా చర్చికే వస్తాను. మీ నాన్నని తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని, క్లారినెట్‌తో గేటు దగ్గర ఉండమను. మెషీన్ ఈ రాత్రికి కూడా మూడు మీదే ఉంచు. తెరేసమ్మ కూడా మూడు మీదే వస్తోందని చెప్పు.

అమ్మ