నీ భుజం మీది చెయ్యి

అన్నా,

రేపు నీ సంవత్సరీకం. గోడకు పెట్టడానికి నీ ఫోటో కావాలని వదిన అంటే, లింబాయత్ బస్తీలో మన సత్తయ్య ఫోటో స్టూడియోకి పోయాను. అతనిప్పుడు ఫోటోలు వెతకడం లేదు. నా ఫోన్‌లోని నీ ముఖం చూపించగానే, అక్కడ దిగిన నీ ఫోటోలన్నీ కంప్యూటరే ఏరి ముందు పెట్టింది. ఒక్కదాంట్లోనే నవ్వావు. పక్కన మన మగ్గాల కార్ఖానా మేస్త్రీ భీమా, నీ భుజం మీద చెయ్యేసి.

నన్ను కొడుతుంటే అడ్డం వచ్చావని, కార్ఖానా గేటు ముందు ఇనుప రాడ్డుతో నీ తల పగలగొట్టిన చెయ్యి అది.

"వాణ్ణి తీసెయ్యి," అన్నాను.

"గంతే గదా తమ్మీ. ఒక్కసారి నొక్కితే మాయమైతడు."

నిజంగానే మాయమయ్యాడు. అడగకుండానే నీ నుదుటి మీది పాత గాటు కూడా పోయింది. ప్రింటు చేతికొచ్చాక చూస్తే, నీ భుజం మీద నాలుగు వేళ్లు మిగిలే ఉన్నాయి. కంప్యూటర్ అవి నీ వేళ్లే అనుకున్నట్టుంది.

"జర ఆగు, అవి గూడ తీస్త," అన్నాడు సత్తయ్య.

నేను ఆగలేదు. దారం తెంపే కత్తెర నా జేబులోనే ఉంటుంది కదా. దాని మొనతో ఆ వేళ్లను పొడిచాను, కింద బల్ల అద్దం పగిలేదాకా పొడిచాను. వేళ్లు పోయాయి. వాటితో పాటు నీ భుజమూ పోయింది.

సత్తయ్య నా చేతికి కట్టు కట్టి, వేళ్లు లేని కొత్త ప్రింటు కూడా ఇచ్చాడు. వదిన రెండూ చూసింది. చినిగినదాన్నే గోడకు పెట్టింది.

"గా మంచిదాంట్ల మీ అన్న నిద్రల పాణం పోయినట్టున్నడు," అంది.