సుద్దగీతలు పోయిన గొట్టాలు

ఉప్పుగూడ,
దసరా వెళ్ళిన నాలుగో రోజు.

అన్నయ్యా, నీకూ వదినకూ నమస్కారాలు. నేనిక్కడ వేళకు తింటున్నాను, బాగానే ఉన్నాను. ఈ ముక్క వదినకు రెండుసార్లు చదివి వినిపించు. నీ భుజం నొప్పి తగ్గిందా? పిల్లలు కొలిమి దగ్గరకు రాకుండా ఉంటున్నారా?

ఇక్కడ పొద్దున్నే చలి మొదలైంది. జొన్నరొట్టె అలవాటైంది గానీ, ఆదివారం గదిలో ఒక్కణ్ణే కూర్చుంటే స్టేషన్లో ఆగే ప్రతి రైలూ మన ఊరికే పోతున్నట్టుంటుంది. నేను బయలుదేరిన రోజు నువ్వు బస్సు దాకా రాలేదు. "ఫ్యాక్టరీకి పోతే చేతిపని మరిచిపోతావు" అన్నావు. ఆ మాట ఇన్నాళ్ళూ గుచ్చుకుంటూనే ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

మా పరిశోధన విభాగంలో లారీల కోసం కొత్తరకం ఉక్కు గొట్టం తయారుచేశాం. రేకును చుట్టి, అంచులు అతికి, ఆ అతుకు లోపలా బయటా కనపడకుండా చెక్కేస్తాం. పరీక్షకు గొట్టం ముక్కను ప్రెస్సులో పెట్టి అణగదొక్కుతాం. అతుకు పక్కవైపు ఉండేలా పెడితేనే దాని సత్తా తెలుస్తుంది. అందుకని ముందే అతుకు మీద సుద్దగీత గీస్తాం.

ఆయుధపూజకని నేనేం చేశానో తెలుసా? మన సుత్తీ పట్టకారూ తోమినట్టే, పరీక్షకు సిద్ధంగా ఉన్న పన్నెండు ముక్కల్నీ కిరసనాయిలుతో తళతళలాడేలా తుడిచి బొట్లు పెట్టాను. గీతలన్నీ పోయాయి! పండగ మర్నాడు లారీల కంపెనీవాళ్ళు పరీక్ష చూడ్డానికి వచ్చి కూర్చున్నారు.

"గింత భక్తి ఏంది భాయ్! గీతలన్నీ తుడిచినవ్. ఇప్పుడు సాబ్‌కు ఏం చెప్పాలె?" అన్నాడు మా మేస్త్రీ యాదగిరి.

ఒక్కోదాన్నీ సానబట్టి, యాసిడ్ పూసి అతుకు వెతకాలంటే సాయంత్రమవుతుంది. వాళ్ళేమో మధ్యాహ్నం బండికి వెళ్ళిపోవాలి. మా ఆఫీసరు నావైపు కోపంగా చూశారు. నాది ఇంకా పర్మనెంటు కాని ఉద్యోగం.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. బండిచక్రం ఇనప పట్టా అతుకు ఎక్కడుందో కళ్ళు మూయించి, వేలితో తడిమి చెప్పమనేవాడివి, తప్పు చెబితే మొట్టికాయ వేసేవాడివి. కళ్ళు మూసుకుని గొట్టం లోపల వేలు తిప్పాను. వెంట్రుకవాసి ఎత్తు తగిలింది. అలా పన్నెండింటికీ గీతలు గీశాను. ఆఫీసరు నమ్మలేదు. ఒకదానికి యాసిడ్ పూయించారు. సరిగ్గా నా గీత దగ్గరే అతుకు తేలింది! పన్నెండింటినీ అణగదొక్కారు, ఒక్కటీ పగల్లేదు అన్నయ్యా.

"మస్తు పని చేసినవ్ భాయ్! ఎవరు నేర్పిన్రు?" అన్నాడు యాదగిరి.

"మా అన్నయ్య" అన్నాను, ఆఫీసరుకు కూడా వినపడేట్టు. నా పర్మనెంటు కాగితం పైకి పంపుతున్నానని ఆయన సాయంత్రం చెప్పారు. నాకెంత గర్వంగా ఉందో నీకు కాక ఎవరికి చెప్పుకోను?

వదినను కాస్త గోంగూర పచ్చడి పంపమను. పెద్దమామయ్యకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. ఆఫీసరునడిగి, ఆ పన్నెండూ కాక అదనంగా ఉన్న గొట్టం ముక్క ఒకటి విడిగా పార్సెల్ చేశాను. దాని మీద గీత తుడిచేశాను, ఈసారి కావాలనే. అతుకు ఎక్కడుందో కళ్ళు మూసుకుని చూసి రాయి. తప్పు చెబితే మొట్టికాయ వేసే వంతు నాది.

నీ దీవెనలు కోరే,
చేతిపని మరవని తమ్ముడు,
బ్రహ్మం