సాసేజ్ సిద్ధాంతం

బూర్జ్, 3 మార్చి 1981

గౌరవనీయులైన శ్రీ బి. వలాద్యే గారికి,

పాత రెక్కల సంఘం నమస్కారాలు. మన నోర్ 262 జంట ఇంజన్ల విమానం చరిత్రను పుస్తకంగా తెస్తున్నాం. దాని రేకులు కలుపుతూ రివెట్లు కొట్టినవారి జాబితాలో మీ పేరుంది. మొదట పలకలుగా ఉన్న విమానం ఒళ్లు తరువాత గుండ్రంగా ఎందుకు మారిందో తెలియజేయగలరు.

భవదీయుడు,
ఒనోరె లంబ్లాన్, కార్యదర్శి

తా.క. పుస్తకంలోకి ఎక్కినవారికి పతకం ఉంటుంది.

6 మార్చి

లంబ్లాన్ గారికి నమస్కారమండి.

పతకం కోసం కాదుగానీ, వెంటనే రాస్తున్నాను. పలకల డబ్బాలో గాలి బిగిస్తే మూలల దగ్గర చిట్లుతుంది. గుండ్రటిదైతే ఒత్తిడి అంతటా సర్దుకుంటుంది. పేగులో మాంసం కూరి చేసే సాసేజ్ చూడండి, ఎవడైనా నాలుగు పలకలుగా చేస్తాడా? ఇక రెండు ఇంజన్లంటారా, ఒక పొయ్యి ఆరినా రెండోదాని మీద ఉల్లిపాయ సూప్ ఉడకాలి కదా!

ఇట్లు,
బ్లేజ్ వలాద్యే

తా.క. "ఎవరికయ్యా ఆ రాత?" అంటోంది మా ఆవిడ. గ్యాస్ కంపెనీకని చెప్పాను.

11 మార్చి

మాన్యులు వలాద్యే గారికి,

మీ సాసేజ్ సిద్ధాంతం వినగానే మా ఆచార్యులిద్దరూ లేచి నిలబడ్డారు. మొదటి అధ్యాయానికి ఆ పేరే పెట్టాం. సూప్ అంటే ఇంధనమని ఒకరు, ప్రయాణికులని ఇంకొకరు వాదించుకుని మాటలు మానేశారు. దయచేసి తేల్చండి. 22, ఆదివారం మేయరు గారి ఎదుట మీరు నాలుగు రివెట్లు కొట్టి చూపాలి.

విధేయుడు,
లంబ్లాన్

తా.క. పనిముట్లు మేమే తెస్తాం.

14 మార్చి

లంబ్లాన్ గారూ,

సూప్ అంటే సూపేనండి. ఆదివారం నాకు నడుం నొప్పి.

ఇట్లు,
బ్లేజ్

తా.క. నొప్పి ఇంకా రాలేదు. శనివారం మొదలవుతుంది.

17 మార్చి

మాన్యులకు,

కుర్చీ వేయిస్తాం, డాక్టరు గారు పక్కనే ఉంటారు. తప్పక రండి.

మీ లంబ్లాన్

తా.క. పాత దస్త్రంలో మీ పేరు పక్కన ఎవరో స్త్రీ ఫొటో అంటించి ఉంది. పొరపాటని పీకేశాం.

19 మార్చి

అయ్యా కార్యదర్శి గారూ,

ఈసారి మీ ఉత్తరం నేను విప్పాను. ఆ పొరపాటు నేనే. బెర్తీయ్ వలాద్యే. పదకొండేళ్లు ఆ విమానాలకు రివెట్లు కొట్టాను. మా ఆయన అదే కర్మాగారం క్యాంటీన్‌లో వంటవాడు. నిలదీస్తే, "రోజూ భోజనం దగ్గర నువ్వు చెప్పినవే కదే! కాస్త ఉప్పూకారం వేసి వడ్డించాను" అన్నాడు. పళ్లెంలోంచి తలెత్తని మనిషి అన్నీ విన్నాడన్న మాట! తిట్టబోయినదాన్ని, ఇంకో గరిటెడు సూప్ వడ్డించాను.

ఆదివారం నేనే వస్తాను.

ఇట్లు,
బెర్తీయ్

తా.క. మీ జాబితాలో శ్రీ అని రాసుకున్నవాళ్లలో ఇంకో ఇరవై ముగ్గురం ఆడవాళ్లమే. బస్సు మాట్లాడుకున్నాం.