దయ్యం నువ్వు కాదట

గౌరవనీయులైన బాషా దయ్యం గారికి,

ఆళ్లగడ్డ దారిలో మన బండిని లారీ గుద్ది, నువ్వు పోయి నేటికి ఏడాది. అప్పటినుంచీ బస్సెక్కితే చాలు, రాని లారీ హారన్ నాకు వినబడుతుంది.

"ఆ బాషాగాడే పట్టుకున్యాడు నాయనా" అంటూ మా అమ్మ నాకు మూడు తాయెత్తులు కట్టించింది.

నంద్యాల డాక్టరమ్మ నా నిద్ర, కలలు, నేను తప్పించుకు తిరిగే దారులు అన్నీ అడిగింది.

"దయ్యం కాదప్పా, పీటీఎస్‌డీ. ఆ ప్రమాదం నీ లోపల ఇంగా జరుగుతానే ఉంది. తగ్గుతాదిలే."

నీమీద నింద తొలగింది, అభినందనలు.

ఆమెకు ఒక్కటి చెప్పలేదు. హారన్ తర్వాత ప్రతిసారీ "దూకురా" అని నీ గొంతు వినబడుతుంది. ఆరోజు ఆ మాటకే దూకి బతికాను. జబ్బు తగ్గితే అదీ పోతుందేమో.

మొదటి మాత్ర ఇంకా గుప్పిట్లోనే ఉంది.